ఒకే ఒరలో రెండు కత్తులు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని లోకోక్తి. కత్తుల విషయమున అది సత్యమే కాని, కంప్యూటరు విషయమున చెల్లదు. ఒకే యంత్రమునందు రెండు ఆపరేటింగు సిస్టములు ఒకదానికొకటి అడ్డురాక నివసింపవచ్చును. అయితే అందులకు కొన్ని కట్టుబాట్లు కలవు. వానిని పాటించిన గృహస్థునకు ఒక యంత్రముతోనే రెండు యంత్రముల ప్రయోజనము సిద్ధించును. ఏమరినవానికి ఏండ్ల తరబడి దాచుకొన్న చిత్రములు, లేఖలు, లెక్కలు క్షణములో నశించును.

కంప్యూటరులోని భాగములు వేర్వేరు పనివాండ్ర వంటివి. కీబోర్డు అక్షరములను అందుకొనును. తెర వానిని చూపును. హార్డు డిస్కు వానిని దాచియుంచును. ఈ భాగములన్నింటికిని పనులు పంచి, ఒకదాని పనికి మరియొకటి అడ్డురాకుండ చూచు మేస్త్రి వంటి ప్రోగ్రామునకే ఆపరేటింగు సిస్టమని పేరు. విండోస్, లినక్స్ అట్టివి. ఒక పనికి ఒక సమయమున ఒక్క మేస్త్రియే ఉండవలెను. కావున రెండు వ్యవస్థలున్న యంత్రమునందును ఒక పర్యాయమునకు పనిచేయునది ఒక్కటియే. యంత్రమును మేల్కొలుపునపుడు ఏది పనిలోనికి దిగవలెనో యజమాని నిర్ణయించును. ఈ ఏర్పాటునే డ్యూయల్ బూట్ అందురు.

రెండు వ్యవస్థలు ఏల కావలెనను సందేహము కలుగవచ్చును. కొన్ని పనులు విండోస్‌తో గాని సాగవు. తెలుగు అచ్చుపనివారు చిరకాలముగా వాడు అను ఫాంట్లు, వర్తకులు లెక్కలు వ్రాసికొను ట్యాలీ ప్రోగ్రాము విండోస్‌కొరకు నిర్మింపబడినవి. లినక్స్ మూల్యము లేకయే లభించును. దాని నిర్మాణమును ఎవరైనను చదివి, మార్చి, నేర్చుకొనవచ్చును. మరియొక కారణము కూడ కలదు. విండోస్ 10 వ్యవస్థకు దాని నిర్మాతలు సామాన్యముగా ఇచ్చుచుండిన రక్షణ సహాయము 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. తరువాతిదైన విండోస్ 11 పాత యంత్రములు పెక్కింటికి సరిపడదు. అట్టి యంత్రములు లినక్స్‌తో ఇంకను కొన్నియేండ్లు పనిచేయగలవు.

లినక్స్ పుట్టుకయే ఇట్టి ఏర్పాటునందు జరిగినది. 1991వ సంవత్సరమున ఫిన్లాండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయమున లీనస్ టోర్వాల్డ్స్ అను 21 ఏండ్ల విద్యార్థి తన యింటి కంప్యూటరులో మినిక్స్ అను వ్యవస్థను నెలకొల్పుకొనెను. మినిక్స్ అనునది ఆమ్‌స్టర్‌డామ్ నగరమున ఆండ్రూ టానెన్‌బామ్ అను ఆచార్యుడు బోధనకొరకు 1987లో వెలువరించినది. టోర్వాల్డ్స్ దాని సహాయముతోనే తన క్రొత్త వ్యవస్థను వ్రాయుచుండెను. ఒకనాడు అతడు టెలిఫోను ద్వారా విశ్వవిద్యాలయపు కంప్యూటరును పిలువబోయి, పొరపాటున ఆ ఆజ్ఞను మోడెమునకు మారుగా హార్డు డిస్కునకు పంపెను. దానితో మినిక్స్ ఉన్న భాగము చెడిపోయెను. అతడు మినిక్స్‌ను మరల ఎక్కించుకొనక, తన లినక్స్‌నే సంపూర్ణము చేయ నిశ్చయించుకొనెను. అతనికి ఆ నష్టము మేలుగానే పరిణమించినది. కాని త్రోవ తప్పిన ఒక్క ఆజ్ఞ ఎంత పని చేయగలదో ఈ వృత్తాంతము తెలుపుచున్నది.

రెండు వ్యవస్థలు ఒక డిస్కునందు ఎట్లు ఇముడునో తెలిసికొనవలెనన్న, అన్నదమ్ములు పంచుకొన్న పొలమును తలచుకొనవలెను. నడుమ గట్టు వేసికొని ఎవరి భాగమున వారు సాగుచేసికొందురు. డిస్కునందలి అట్టి భాగమును పార్టిషను అందురు. వెనుకటి గ్రామకరణముల లెక్కలందు ఏ భూమి ఎంత, ఎవరిది అను వివరములు ఉన్నట్లే, ఏ భాగము ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో తెలుపు పట్టిక డిస్కునందు ఉండును. ఆ పట్టిక చెడినయెడల లోపలి విషయము అట్లే ఉన్నను యంత్రమునకు కనబడదు.

పాత పద్ధతిలో ఈ పట్టికయు, వ్యవస్థను మేల్కొలుపు చిన్న ప్రోగ్రామును డిస్కు మొదటి 512 బైట్లలోనే ఉండెడివి. అంత ఇరుకుచోట నాలుగు ప్రధానభాగములకు మించి వ్రాయుటకు వీలులేకుండెను. లినక్స్ ఉన్న యంత్రమున తరువాత విండోస్‌ను ఎక్కించినచో, అది ఆ చోట తన ప్రోగ్రామును వ్రాసికొనెడిది. అప్పుడు లినక్స్ డిస్కులోనే ఉండియు మేల్కొనుటకు దారి లేకపోయెడిది. అందుచేత ముందు విండోస్, తరువాత లినక్స్ అను నియమము ఏర్పడినది. యు.ఇ.ఎఫ్.ఐ. పద్ధతి గల నేటి యంత్రములందు ఈ పనికై ప్రత్యేకముగా ఒక చిన్న భాగము ఉండును. అందు ఒక్కొక్క వ్యవస్థకు వేరువేరు చోటు కలదు. లినక్స్‌తో వచ్చు గ్రబ్ అను ప్రోగ్రాము రెండింటి పేర్లను తెరపై చూపి, యజమాని కోరినదానిని మేల్కొలుపును. అయినను పాత వరుసను పాటించుటయే సుకరము.

పనికి పూనుకొనువాడు మొట్టమొదట ముఖ్యమైన వానినన్నిటిని వేరొక డిస్కులోనికి ప్రతి తీసికొనవలెను. ఆ ప్రతిని తెరచి, సరిగా ఉన్నదో లేదో చూచుకొనవలెను. క్రొత్త ల్యాప్‌టాపులు పెక్కింటిలో విండోస్ భాగమునకు బిట్‌లాకర్ అను తాళము వేయబడియుండును. దానిని తెరచు 48 అంకెల సంఖ్యను ముందుగనే కాగితముపై వ్రాసి భద్రపరచవలెను. తరువాత లినక్స్‌ను పెన్‌డ్రైవునుండి నడిపి చూడవలెను. ఇట్లు నడిపినపుడు డిస్కునందు ఏమియు మారదు. తెర, శబ్దము, వైఫై సరిగా పనిచేయుచున్నవో లేదో తెలియును.

అంతయు సరిగా నున్న పిదప, విండోస్‌లోని సాధనముతోనే దాని భాగమును కుదించి, లినక్స్‌కు చోటు విడువవలెను. ఉబుంటు అను లినక్స్‌కు కనీసము 25 గిగాబైట్లు కావలెను. సుఖముగా వాడుకొనుటకు 100 గిగాబైట్లు విడిచిన మేలు. ఎక్కించునపుడు తెరపై పలు మార్గములు కనబడును. డిస్కునంతటిని తుడిచివేయు మార్గము కూడ అందు ఒకటి. దానిని తాకక, విడిచిన చోటును గాని, విండోస్ ప్రక్కన ఎక్కించు మార్గమును గాని ఎంచుకొనవలెను. చదువక నొక్కిన మీటవలననే పెక్కు నష్టములు కలుగును.

ఇరుగుపొరుగుల నడుమ చిన్న తగవులు వచ్చినట్లే, ఈ వ్యవస్థల నడుమను వచ్చును. యంత్రములోని గడియారమునందు విండోస్ స్థానిక కాలమును ఉంచును. లినక్స్ ప్రపంచ ప్రమాణ కాలమును ఉంచును. భారతదేశమున ఈ రెండింటికిని 5 గంటల 30 నిమిషముల భేదము కలదు. కావున లినక్స్‌నుండి విండోస్‌కు మారినపుడు గడియారము ఐదున్నర గంటలు వెనుకబడి కనబడుట కలదు. యంత్రము చెడినదని భయపడ నక్కరలేదు. ఇరువ్యవస్థలును ఒకే కాలమును పాటించునట్లు ఒక్కమారు దిద్దిన చాలును. విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ అను ఏర్పాటు యంత్రమును పూర్తిగా నిద్రపుచ్చక, సగము పనిని డిస్కునందే నిలిపియుంచును. అట్టి సమయమున లినక్స్‌నుండి విండోస్ భాగమున వ్రాయుట ప్రమాదకరము. ఆ ఏర్పాటును ముందే తొలగింపవలెను.

ఈ కార్యమునకు గొప్ప పాండిత్యము అవసరము లేదు. ఓర్పు, జాగరూకత చాలును. తెరపైని ప్రతి మాటను చదివి, అర్థము చేసికొని, అటుపిమ్మట మీట నొక్కువాడు నిర్భయముగా ఈ పని చేయగలడు. అట్లు చేసిన యింటిలో తల్లిదండ్రుల పనులు ఒక భాగమున ఎప్పటివలె సాగును. పిల్లలు రెండవ భాగమున క్రొత్త విషయములను పరీక్షించి నేర్చుకొందురు. నేర్చుకొనుటలో ఏదైన చెడినను, ప్రతి భద్రముగా నున్నంతవరకు దానిని మరల నిలుపుకొనవచ్చును.