ప్రవేశపరీక్షకు ఆంగ్ల పదసంపద: యోగార్థం, రూఢ్యర్థం

అమెరికా కళాశాలల్లో ప్రవేశానికి ఉపకరించే శాట్ పరీక్షకు సిద్ధమయ్యే తెలుగు విద్యార్థులు ఆంగ్ల పదాల జాబితాలను కంఠస్థం చేయడం పరిపాటి. అయితే ఆ పరీక్ష స్వరూపం మారింది. 2005లో పదసామ్య ప్రశ్నలను, 2016లో అరుదైన పదాలతో కూడిన వాక్యపూరణ ప్రశ్నలను తొలగించారు. అమెరికా వెలుపల 2023లో మొదలైన డిజిటల్ పరీక్షలో 25 నుంచి 150 పదాల పాఠ్యభాగం ఇచ్చి, ఖాళీకి తగిన పదాన్ని గాని, సూచించిన పదానికి ఆ సందర్భంలో గల అర్థాన్ని గాని అడుగుతారు.

ఇందుకు తెలుగు వ్యాకరణ పరిచయం తోడ్పడుతుంది. తత్సమాలను ఉపసర్గ, ధాతువులుగా విడదీసినట్లే లాటిన్ మూలం గల ఆంగ్ల పదాలనూ విడదీయవచ్చు. ‘బెనెవొలెంట్’లో ‘బెనె’ మంచిని, ‘మలెవొలెంట్’లో ‘మలె’ చెడును సూచిస్తాయి. ‘వొలెంట్’ అంటే కోరేది. సుభాషితం, దుర్భాష అనే పదాల్లోని ఉపసర్గభేదం ఇటువంటిదే.

కాని విభజన ఒక్కటే చాలదు. ‘సర్కమ్‌స్పెక్ట్’ అనే పదంలో ‘సర్కమ్’ అంటే చుట్టూ, ‘స్పెక్ట్’ అంటే చూడడం. ‘పర్యవేక్షణ’లోని ‘పరి’, ‘ఈక్షణం’ అనే అవయవాలకూ ఇవే అర్థాలు. అయినా మొదటిది ఆచితూచి వ్యవహరించే స్వభావాన్ని, రెండవది అజమాయిషీని తెలుపుతుంది. అవయవాల వల్ల కలిగేది యోగార్థం, వాడుకలో స్థిరపడినది రూఢ్యర్థం. యోగార్థాన్నే నమ్ముకున్నవారు ఇటువంటి చోట పొరబడతారు.

కనుక పదాలను ధాతువుల వారీగా కూర్చుకొని, ప్రతి పదాన్నీ రెండు మూడు భిన్న వాక్యాల్లో చదివి, చివరకు సొంత వాక్యంలో ప్రయోగించి చూడడం ప్రయోజనకరం. ధాతువు అర్థాన్ని ఊహింపజేస్తుంది. వాక్యం దాన్ని నిర్ణయిస్తుంది.