పల్లెకు పసిడిపూత: రేలచెట్టు పెంపకము

పూర్వపు నల్లగొండ, మహబూబునగరము జిల్లాల ఎఱ్ఱచెల్క భూములలో వేసవి ప్రవేశించినంతనే పచ్చదనము తరిగిపోవును. కంది, ఆముదపు చేలు కోతలై బీడుగా కనబడును. చెరువులు అడుగంటును. గుట్టలమీద బండరాళ్లు తప్ప వేరేమియు కంటికి ఆనదు. సరిగా ఆ కాలముననే, రోహిణి కార్తె ఎండలలో, ఒక చెట్టు ఆకు పలుచబడిన కొమ్మలనిండ బంగారు గొలుసులవంటి పూగుత్తులను వ్రేలాడదీసి నిలుచును. అదియే రేల. దానిని గ్రామములలో పెంచు విధమును, పెంపకములో తరచుగా జరుగు ఒక పొరపాటును పంచాయతీ సభ్యులకు వివరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

రేల మనకు క్రొత్త చెట్టు కాదు. అమ్రాబాదు ప్రాంతమున నల్లమల అడవులలో అది స్వయముగా మొలచి పెరుగుచున్నది. సంస్కృతమున దీనికి ఆరగ్వధమని, రాజవృక్షమని పేర్లు కలవు. కేరళ ప్రజలు విషు పండుగనాడు ఈ పూవును దేవుని ముందుంచి ఉదయమే దర్శింతురు. అది వారి రాష్ట్ర పుష్పము. థాయిలాండు దేశము దీనిని తన జాతీయ పుష్పముగా స్వీకరించినది. మన రాష్ట్ర పుష్పమైన తంగేడు రేలకు దగ్గర చుట్టమే. అన్యదేశములవారు ఆదరించి పెంచుకొను చెట్టు మన అడవిలోనే యుండగా, మన వీధులకు మాత్రము దూరముగా నుండుట విచారకరము.

ఆకు రాల్చుట చావు కాదు

ఈ జిల్లాలలో పెక్కుచోట్ల సాలుకు 600 నుండి 750 మిల్లీమీటర్ల వర్షమే కురియును. అదియైనను నాలుగు నెలలలోనే ముగియును. మిగిలిన ఎనిమిది నెలలు చెట్టు నేలలో మిగిలిన తేమతోనే కాలము గడపవలెను. ఆకు యెంత యెక్కువగా నున్న అంత నీరు ఆవిరియై పోవును. కావుననే రేల మాఘ ఫాల్గుణములు మొదలుకొని ఆకు రాల్చి తన ఖర్చును తగ్గించుకొనును. కరవు సంవత్సరమున గుట్టుగల సంసారి చేయుపని యిదియే. పిమ్మట ఆ పొదుపుతోనే వైశాఖ జ్యేష్ఠములలో పూచును. తొలకరి నాటికి మరల చిగురించును.

ఈ స్వభావము తెలియకపోవుటవలననే నష్టము కలుగుచున్నది. చలికాలము వెళ్లిన పిమ్మట బోసిగా నిలిచిన మొక్కను చూచి, ఎండిన పుల్లయని తలచి పెరికివేయుట, నీరు పోయుట మానుట, ఆ గుంటలో మరియొక మొక్కను నాటుట జరుగుచుండును. 2018వ సంవత్సరపు తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతికియుండవలెనని నిర్దేశించి, ఆ బాధ్యతను సర్పంచిపైనను, పంచాయతీ కార్యదర్శిపైనను ఉంచినది. లెక్కకు భయపడి సంవత్సరము పొడుగునను పచ్చగా కనుపించు పరదేశపు మొక్కలనే కోరుకొనుట సహజము. కాని పచ్చగానుండుట వేరు, నేలకు తగియుండుట వేరు. అట్టి వానిలో ఒకటియగు కోనోకార్పస్‌ను 2023లో గుజరాత్ రాష్ట్రము నాటకుండ నిషేధించినది.

కావున లెక్క తీయుటకు ముందు ఒక చిన్న పరీక్ష చేయవలెను. మొక్క కాండముపై గోటితో కొంచెము గీచి చూడవలెను. పైపొర క్రింద పచ్చగా, తడిగా కనుపించినచో ఆ మొక్క సజీవమే. గోధుమరంగుతో పొడిగానున్నచో మరికొంత క్రిందుగా గీచి చూడవలెను. మొదటివద్ద పచ్చదనమున్నను అది తిరిగి చిగురించు అవకాశము కలదు. సందేహముగల మొక్కలను మృగశిర వర్షములు పడి మూడు వారములు గడచువరకు పెరికివేయరాదు.

నారు పెంచు విధము

రేలకాయలు మూరెడు పొడుగున, గుండ్రని కఱ్ఱలవలె, ముదురు గోధుమరంగున నుండును. చలికాలము చివర పండిన కాయలను ఏరి పగులగొట్టినచో అరలలో జిగురువంటి నల్లని గుజ్జు నడుమ గింజలుండును. వానిని కడిగి నీడలో ఆరబెట్టవలెను. గింజ పెంకు మిక్కిలి గట్టిది. ఊరక విత్తినచో నెలలు గడచినను మొలవకుండ పడియుండును. నీటిని మరుగబెట్టి, పొయ్యినుండి దించి, గింజలను అందులో వేసి ఒక రాత్రి, ఒక పగలు నాననీయవలెను. ఉబ్బిన గింజలను విత్తి, ఉబ్బని వానిని గరుకు రాతిపై కొంచెము రాచి మరల నానబెట్టవలెను. ఈ శ్రమ లేనిచో నర్సరీ సంచులలో సగము ఖాళీగా మిగులును.

ఎఱ్ఱమన్ను, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపిన సంచులలో ఫాల్గుణమున విత్తి, ఆ మొక్కలను అదే తొలకరికి తొందరపడి నాటక, మరుసటి తొలకరివరకు నర్సరీలోనే పెంచుట మేలు. నడుమెత్తు దాటిన మొక్క వేసవిని తట్టుకొనును.

నాటుట, కాపాడుట

రెండడుగుల పొడవు, వెడల్పు, లోతుగల గుంటను వేసవిలోనే త్రవ్వి ఎండనీయవలెను. మన చెల్కలలో చెదలు ఎక్కువ గనుక పైమట్టితో ఎరువును, కొంత వేపపిండిని కలిపి నింపవలెను. చెదలవలన కలుగు కీడు ఎట్టిదో మహబూబునగరము వారికి చెప్పనక్కరలేదు. వందల ఏండ్లనాటి పిల్లలమఱ్ఱికి చెదలు పట్టగా, 2018లో దానికి సెలైన్ సీసాలతో మందు ఎక్కింపవలసి వచ్చినది.

మొక్కకు మొక్కకు ఆరు మీటర్ల ఎడముంచవలెను. కరెంటు తీగల క్రింద నాటరాదు. నాటినచో ఏటేట తలలు నరుకక తప్పదు, నరికిన కొమ్మకు పూత యుండదు. రేల ఆకును మేకలు అంతగా కోరవు. అయినను పశువులు రాచుకొని విరువకుండ సర్కారుతుమ్మ కంపను చుట్టు కట్టవలెను. మొదటి రెండు వేసవులు పంచాయతీ ట్యాంకరుతో వారమునకొకమారు పాదు నిండ నీరు పోయవలెను. ఆకు లేకున్నను వేరుకు తడి అవసరమే. దినమునకొక చెంబెడు చల్లుటకంటె వారమునకొకమారు లోతుగా తడుపుట మేలు.

ఆకులపై పసుపుపచ్చని సీతాకోకచిలుకల గొంగళిపురుగులు చేరినచో మందు చల్లనక్కరలేదు. చెట్టు మరల చిగుర్చుకొనును. కాయలలోని గుజ్జు ఆయుర్వేదమున విరేచనౌషధము. పిల్లలు తీపికై తినినచో విరేచనములగును గాన బడి ఉపాధ్యాయులు వారిని హెచ్చరింపవలెను.

ఏది ఎచ్చట?

రేల నీడనిచ్చు చెట్టు కాదని మేము ముందే చెప్పవలెను. బస్సు ఆగుచోట, సంతలో, రచ్చవద్ద వేప, కానుగ, చింత, రావి మొదలగునవియే తగును. ఊరి ప్రవేశమునందు, పాఠశాల ఆవరణ అంచున, చెరువుకట్టకు పోవు దారి ప్రక్క రేలలను వరుసగా నాటినచో శోభ కలుగును. దాని పరిమళము మృదువైనది. దగ్గరకు పోయినగాని తెలియదు. పరిమళము కోరువారు నడుమ నడుమ కానుగను, పాఠశాల తోటలో పారిజాతమును చేర్చుకొనవచ్చును.

ఇట్లు ఏర్పాటు చేసుకొన్న గ్రామమునకు చెట్లే పంచాంగమగును. హోలీనాడు మోదుగ ఎఱ్ఱనగును. చైత్రమున వేప, పిమ్మట కానుగ గాలిని పరిమళింపజేయును. ఎండలు ముదిరినప్పుడు రేల పసిడి కురియును. బతుకమ్మ నాటికి తంగేడు పూచును. వర్షములు వెనుకబట్టు కాలమున పారిజాతము తెల్లవారుజామున రాలును.

గింజనుండి పెరిగిన రేల పూతకు వచ్చుటకు ఐదారేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. పంచాయతీ పదవీకాలము ఐదు సంవత్సరములు. అనగా నేడు తీర్మానము చేసి నాటించిన సభ్యులలో పలువురు, అది తొలిపూత పూచునాటికి పదవిలో నుండకపోవచ్చును. అట్లగుటచేతనే ఈ పనిని మిగిలిన పనులకంటె మిన్నగా మేము తలంచుచున్నాము. సభ్యులు నాటిన చెట్ల స్థలములను, సంవత్సరమును పంచాయతీ రికార్డులో వ్రాయించి, తరువాతి పాలకవర్గమునకు అప్పగింపవలెను. వారు కూడ గోటితో గీచి చూచిన పిమ్మటనే పెరుకుదురు గాక.