అష్టాచెమ్మలో ‘చంపుడు’ రూలు

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి హాస్టల్‌కు వచ్చిన మనకు అష్టాచెమ్మ కొత్త కాదు. 25 గడులు, నాలుగు గవ్వలు, ఒక్కొక్కరికి నాలుగు కాయలు.

కొట్లాటంతా చంపుడు దగ్గరే. ఎదుటివాడి కాయ ఉన్న గడిలోకి మన కాయ వస్తే అది చచ్చి మొదటికి పోతుంది. మనం మళ్లీ గవ్వలు వేయొచ్చు. ఇంటూ గుర్తున్న ఇంట్లో చంపరాదు. ఒక్క కాయనైనా చంపనిదే లోపలి గడుల్లోకి పోరాదు.

చంపినాక అన్ని కాయలూ లోపలికి పోవచ్చా, చంపిన కాయ ఒక్కటేనా? ఈ మాట మీదే మా గదిలో ఇద్దరు దోస్తులు నెల రోజులు మాట్లాడుకోలేదు. ఎవరిదీ తప్పు కాదు, ఎవరి ఊరి రూలు వాళ్లు చెప్పారు.

అందుకే గవ్వలు వేయకముందే రూలు ఒప్పుకోండి. ఆట నడుమ రూలు మార్చేది పెద్ద క్లాసువాడు, నష్టపోయేది చిన్న క్లాసువాడు.