రెండవ పెట్టె

ఒకటి అడిగితే రెండు వచ్చాయని ఎవరైనా బాధపడతారా అని మీరు నవ్వవచ్చు. మేమూ మొదట నవ్వాము. ఆ రెండవదానిని పంపినవారికి తిరిగి అప్పగించడానికి మాకు యాభై ఎనిమిది రోజులు పట్టింది. ఆ రోజుల్లో పడిన తిప్పలు, తెలుసుకున్న సంగతులు మీతో చెప్పుకోవాలని ఈ నెల ఈ పేజీలు తీసుకున్నాము. సెల్‌ఫోను మీద సామాను తెప్పించుకోవడం మన పల్లెల్లోనూ మామూలైపోయింది గనుక, మాకు జరిగినది రేపు మీ గుమ్మంలోనూ జరగవచ్చు.

జనగామ సమీపాన మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉన్నారు. తుంటి విరిగినది మొదలు ఆమెకు నడక లేదు. ఆదివారం వస్తే కొడుకు ఆమెను చేతుల మీద ఎత్తుకొని ఆరాధనకు తెచ్చేవాడు. కొన్నాళ్లకు అతని నడుము కూడా పట్టేయడం చూసి సంఘస్తులు తలా కొంత వేసుకొని చక్రాల కుర్చీ కొందామన్నారు. మా అబ్బాయి ఫోనులో వెదకి, ఆరు వేల లోపు ధరలో ఒకటి చూపించాడు. డబ్బు ముందే కట్టి ఆర్డరు పెట్టాము. వారం తిరగకముందే కుర్చీ వచ్చింది. ఆ ఆదివారం పెద్దమ్మ కుర్చీలో కూర్చుని మందిరంలోకి వస్తుంటే పిల్లలందరూ వెనుక నెట్టుకుంటూ వచ్చారు. అంతవరకు అంతా సంతోషమే.

బుధవారం మధ్యాహ్నం ఇంకొక పెట్టె వచ్చింది. అదే పేరు, అదే చిరునామా, అదే బరువు. మేము ఊళ్లో లేము. కుర్చీకి సంబంధించిన సామాను ఏదో మిగిలిపోయి పంపారేమో అనుకొని మా ఇంటావిడ సంతకం పెట్టి తీసుకున్నది. సాయంత్రం పెట్టె మీద కాగితం చదివితే అది రెండవ కుర్చీ అని తెలిసింది. వెంటనే బ్యాంకు లెక్క చూశాము. డబ్బు ఒక్కసారే పోయింది. అంటే ఈ కుర్చీకి మేము పైసా ఇవ్వలేదు, ఇది మాది కాదు.

ఇలా ఎందుకు జరుగుతుందో తరువాత తెలిసింది. సిగ్నలు సరిగా లేనిచోట డబ్బు కట్టే బటను రెండుసార్లు నొక్కితే రెండు ఆర్డర్లు పడవచ్చు. గోదాములో చిరునామా కాగితం రెండుసార్లు అచ్చు కావచ్చు. మా విషయంలో జరిగినది వేరు. మొదటి పెట్టె దారిలో ఒకచోట కంప్యూటరులో నమోదు కాలేదట. అది పోయిందని లెక్క వేసి వారే ఇంకొకటి పంపారు. ఈ సంగతి చెప్పించుకోవడానికే మాకు నెల దాటింది.

మొదటి రోజు కస్టమర్ కేరుకు ఫోను చేస్తే యంత్రం పలికింది. ఒకటి నొక్కు, మూడు నొక్కు, తొమ్మిది నొక్కు అన్నది. చివరికి ఒక అమ్మాయి పలికి, "సార్, మీ ఆర్డరు ఒకటే, అది మీకు చేరింది. తిరిగి ఇవ్వాలనుకుంటే దానినే రిటర్న్ పెట్టండి" అన్నది. దానిని కాదమ్మా, రెండవదానిని అంటే, రెండవది మా లెక్కలో లేదన్నది. లెక్కలో లేని కుర్చీ మా వరండాలో ఉన్నది! నాలుగవసారి మాట్లాడినవారు ఉన్నదని ఒప్పుకున్నారు గాని, మీ పిన్‌కోడుకు సామాను తెచ్చే సౌకర్యం ఉంది, తీసుకుపోయే సౌకర్యం లేదన్నారు. మీరే కొరియర్ ఆఫీసుకు తీసుకుపోయి పంపండి, ఖర్చులో కొంత ఇస్తామన్నారు. పెట్టెతో కలిపి దాదాపు ఇరవై కిలోలు. ఆటో కిరాయి, కొరియర్ రుసుము కలిపితే కుర్చీ ధరలో మంచి భాగమే పోతుంది. ఎవరి పొరపాటుకు ఎవరు కట్టాలి?

మా చిన్నతనంలో పోస్టులో వి.పి.పి. వచ్చేది. పోస్ట్‌మాన్ తెచ్చినది మనది కాదంటే ఒక్క మాట చెప్పేవాళ్లము. ఆయన దాని మీద వద్దన్నారని రాసుకొని అదే సంచిలో వెనుకకు తీసుకుపోయేవాడు. తెచ్చిన మనిషే తీసుకుపోయేవాడు. ఇప్పుడు తెచ్చే అబ్బాయి వేరు, తీసుకుపోయే ఏర్పాటు వేరు. తెచ్చే అబ్బాయిని నిందించి లాభం లేదు. పెట్టెకు ఇంతని లెక్క కట్టి ఇచ్చే కూలితో ఎండలో బండి నడుపుకునే పిల్లవాడు అతడు.

పదవ రోజున ఫోనుకు ఒక సందేశం వచ్చింది. వస్తువును తీసుకోవడానికి మా మనిషి వచ్చాడు, మీరు ఇంట్లో లేరు అని. ఆ రోజంతా మేము ఇంట్లోనే ఉన్నాము, ఎవరూ రాలేదు. మరి రెండు రోజులకు ఇంకొకటి వచ్చింది. అదనంగా అందిన వస్తువును మీరు తిరిగి ఇవ్వనందున దాని వెల కట్టవలసి ఉంటుందని దానిలో రాశారు. అది చదివి మా ఇంటావిడ కళ్ల నీళ్లు పెట్టుకున్నది. "తీసుకుపొమ్మని మనమే బతిమాలుతుంటే మనల్నే దొంగల్ని చేస్తారా?" అన్నది. మాకు జవాబు తోచలేదు.

అసలు బాధ అది కూడా కాదు. పక్క ఊళ్లో కల్లు గీసే సోదరుడొకరు తాటి చెట్టు మీది నుండి పడి నడుము కింద పట్టు కోల్పోయాడు. మూడేళ్లుగా మంచం మీదనే ఉన్నాడు. మా వరండాలో కుర్చీ ఊరికే పడి ఉన్నదని ఎవరో చెప్పగా అతని భార్య వచ్చింది. "అయ్యగారూ, అది మా ఆయనకియ్యరాదుండ్రి. కూలి చేసి కొన్ని కొన్ని కడ్త" అన్నది. సంఘ పెద్దలలో ఒకరు, దేవుడే పంపాడనుకోండి, పెద్ద కంపెనీకి ఒక కుర్చీ ఏపాటిది అన్నారు. ఆ మాటను కొట్టిపారేయడం మాకు సులువు కాలేదని ఒప్పుకుంటున్నాము. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో దారి తప్పి వచ్చిన పొరుగువాని ఎద్దును గురించిన ఆజ్ఞ ఉన్నది కదా. యజమాని దగ్గరలో లేకపోతే, ఎవరో తెలియకపోతే, అతడు వెదకుతూ వచ్చేవరకు దానిని ఇంట ఉంచి తరువాత అప్పగించాలి. ఇక్కడ యజమాని ఎవరో తెలుసు, వెదకుతూ మాత్రం రాడు. ఆ సహోదరికి లేదని చెప్పి పంపాము. ఆమె ఏమీ అనలేదు.

అప్పుడు మా సంఘంలో వకీలుగా ఉన్న తమ్ముడిని పిలిచి అడిగాము. ఆయన చెప్పినది మీరు కూడా గుర్తు పెట్టుకోండి. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 37వ సెక్షను ప్రకారం, అడిగినదానికన్నా ఎక్కువ పంపితే కొన్నవాడు తనదాకా తీసుకొని మిగిలినది వద్దనవచ్చు. మొత్తం ఉంచుకుంటే మాత్రం మొత్తానికి వెల కట్టాలి. 43వ సెక్షను ఇంకా మేలైనది. వద్దనే హక్కు ఉన్నవాడు, వేరే ఒప్పందం లేనప్పుడు, ఆ వస్తువును మోసుకొనిపోయి అప్పగించనక్కరలేదు. వద్దని అమ్మినవానికి తెలియజేస్తే చాలు. సెల్‌ఫోను పేరు ఎవరూ వినని రోజుల్లోనే మా ఇరవై కిలోల సమస్యకు జవాబు రాసి పెట్టారన్నమాట. అలాగని మనదైపోదు. పొరపాటున చేరిన వస్తువును తిరిగి ఇవ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షనులో ఉన్నది. మా బంధువొకరు అమెరికా నుండి ఫోను చేసి, ఉంచేసుకోండి, ఇక్కడ అడగనిది పోస్టులో వస్తే బహుమానమే అన్నాడు. అక్కడ 1970 నుండి అటువంటి చట్టం ఉన్నమాట నిజం. కాని అది అడగని సామాను పంపి తరువాత డబ్బు గుంజేవారిని అరికట్టడానికి చేసినది.

వకీలు తమ్ముని సలహాతో పద్నాలుగవ రోజున కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఈ-మెయిలు రాశాము. రెండవ కుర్చీ ఫలానా రోజున వచ్చింది, మేము దానిని వద్దంటున్నాము, విప్పలేదు, వాడలేదు, మీ ఖర్చుతో తీసుకుపోండి అని రాసి, నాలుగు వైపుల ఫోటోలు పెట్టాము. 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ఇటువంటి వ్యాపారం చేసేవారు ఫిర్యాదుల అధికారి పేరు, ఆయనను సంప్రదించే వివరాలు చూపించాలి. ఆయన నలభై ఎనిమిది గంటల్లో ఫిర్యాదు అందినట్లు తెలపాలి, నెల లోపల పరిష్కరించాలి. అందినదని మరునాడే జవాబు వచ్చింది. ఆ తరువాత మౌనం.

ఈ లోపల మానుకోటలో కూడికలకు వెళ్లాము (మహబూబాబాద్‌ను మనవాళ్లు ఇంకా మానుకోట అనే అంటారు). రాత్రి భోజనాల దగ్గర కుర్చీ సంగతి చెబితే, అందరి ఇళ్లలోనూ ఏదో ఒక పెట్టె ఉన్నట్లు తేలింది. భూపాలపల్లి నుండి వచ్చిన సింగరేణి కార్మికుడొకరి ఇంటికి, డబ్బు చేతికిచ్చి తీసుకునే పార్శిలు ఒకే వారంలో రెండుసార్లు వచ్చిందట. ఆయన గనిలో ఉండగా, ఆయనే చెప్పి ఉంటాడని భార్య రెండవదానికీ డబ్బు కట్టేసింది. మేము ఫలానాది తెప్పిస్తున్నామని ఇంట్లో ఒక మాట చెప్పి ఉంచితే, రెండవదానిని గుమ్మంలోనే వద్దనవచ్చు. గుమ్మం దాటనిది దానంతట అదే వెనుకకు పోతుంది.

మిరప పండించే రైతు కుటుంబానికి జరిగినది మాత్రం విని అందరం నిశ్శబ్దమైపోయాము. రెండుసార్లు వచ్చిన స్ప్రేయరును తిరిగి ఇవ్వాలని వారి కొడుకు ఇంటర్నెట్‌లో కస్టమర్ కేరు నంబరు వెదికాడు. దొరికినది దొంగల నంబరు. అవతలివాడు ఎంతో మర్యాదగా మాట్లాడి, డబ్బు వెనుకకు వేస్తామని చెప్పి, ఫోను తెర వానికి కనబడే యాప్ ఒకటి పెట్టించాడు. తరువాత పిన్ కొట్టమన్నాడు. విత్తనాలకని ఉంచిన డబ్బంతా పోయింది. ప్రియులారా, దయచేసి మీ పిల్లలకు చెప్పండి. మనకు డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు, మన డబ్బు పోవడానికే పిన్ కావాలి. నంబరును కంపెనీ యాప్‌లోనే చూడాలి. మోసం జరిగిందని తెలిసిన క్షణమే 1930కి ఫోను చేయాలి. ఆలస్యమైనకొద్దీ ఆ డబ్బు పట్టుబడే ఆశ తగ్గిపోతుంది.

మా ఈ-మెయిలుకు నెల గడిచింది. నలభై ఆరవ రోజున జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేశాము. తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు సంఖ్య ఇచ్చారు. అది కోర్టు కాదు. మన ఫిర్యాదును కంపెనీ ముందు పెట్టి జవాబు అడుగుతుంది. అక్కడా తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషను ఉన్నది. 2019 చట్టం వచ్చాక, కంపెనీ ఏ నగరంలో ఉన్నా మనము ఉండే చోటనే కేసు వేయవచ్చు. ఐదు లక్షల లోపు వస్తువుకు రుసుము లేదు, వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. మేము అంతదూరం పోనక్కర లేకపోయింది. నాలుగు రోజులకు కంపెనీవారే ఫోను చేసి, మొదటి పెట్టె నమోదు కాని సంగతి చెప్పి, క్షమించమన్నారు.

యాభై ఎనిమిదవ రోజున వరంగల్ నుండి వ్యాను వచ్చింది. వచ్చిన అబ్బాయి పెట్టె ఒక మూల మేక కొరికి ఉండడం చూసి, ప్యాకింగు పాడైతే తీసుకోకూడదన్నాడు. వచ్చిన రోజు తీసిన ఫోటోలు, ఇచ్చిన ఫిర్యాదు సంఖ్య చూపించి, మీ పై అధికారికి ఫోను చేయి బాబూ అన్నాము. పావుగంట తరువాత ఎక్కించుకున్నాడు. రసీదు అడిగితే మెసేజ్ వస్తుందన్నాడు. మేము వదలలేదు. తెల్ల కాగితం మీద తేదీ వేసి సంతకం పెట్టించుకున్నాము. మెసేజ్ మూడవ రోజున వచ్చింది.

ఆ మరుసటి ఆదివారం కల్లు గీసే సోదరుని సంగతి సంఘం ముందు పెట్టాము. వారు మన సంఘస్తులు కారు గదా అని ఎవరూ అనలేదు. మొదటి కుర్చీకి కానుక వేసిన పెద్దమ్మే ముందుగా కొంగు ముడి విప్పింది. మేము, పెద్దమ్మ కొడుకు హనుమకొండ పోయి దుకాణంలో చక్రాలు తిప్పి చూసి కుర్చీ కొని, బస్సు మీద వేసుకొని వచ్చాము. సాయంత్రం అతని గుడిసె ముందు దింపితే ఆ సహోదరి దానిని వెంటనే ముట్టుకోలేదు.

"అయ్యగారూ, ఇది మాదేనా? మళ్ల ఎవరన్న వచ్చి తీస్కపోరు గదా?" అని అడిగింది.

బిల్లు తీసి ఆమె చేతిలో పెట్టాము. దాని మీద ఆమె భర్త పేరే రాయించాము.