ఒక ప్రత్యయము - అనేక శాస్త్రపదములు

హైదరాబాదు నుండి మొయినాబాదు మీదుగా చేవెళ్ళకు పోయే దారి మర్రిచెట్లకు పేరుపడినది. ఆ దారి వెంట కొంచెము లోపలికి పోతే గట్ల మీద తాటిచెట్లు, తోటలలో మామిడి, ఇండ్ల పెరళ్ళలో మునగ, కొబ్బరి కనిపిస్తాయి. ఈ చెట్లకు వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన పేర్లను వరుసగా వ్రాసి చూడండి. తాటి - బొరాసస్ ఫ్లాబెల్లిఫర్. మామిడి - మాంగిఫెరా ఇండికా. మునగ - మొరింగా ఒలీఫెరా. కొబ్బరి - కోకస్ న్యూసిఫెరా. ద్రాక్షను కూడ చేర్చితే - వైటిస్ వినిఫెరా.

ఈ అయిదింటిలోను ‘ఫెర్’ అనే ధ్వని ఉన్నది. విద్యార్థి వీటిని అయిదు వేరు వేరు పేర్లుగా వల్లెవేస్తాడు. పరీక్ష కాగానే మరచిపోతాడు. ఆ ఒక్క ముక్కకు అర్థము తెలిస్తే ఇవే కాక, ఇంకా అనేక పదములు వాటంతట అవే విడిపోతాయి.

ప్రత్యయము ఎక్కడిది?

లాటిను భాషలో ‘ఫెరో’ అంటే ‘మోస్తున్నాను’ అని అర్థము. దాని నుండి ‘ఫెర్’ అనే విశేషణ ప్రత్యయము పుట్టినది. పుంలింగములో ఫెర్, స్త్రీలింగములో ఫెరా, నపుంసకములో ఫెరుమ్. సంస్కృతము చదివినవారికి ఇది వింతగా తోచదు. ఇంగ్లీషువారు దీనికి ‘అస్’ అనే మరొక తోక తగిలించి ‘ఫెరస్’ అన్నారు.

ఇప్పుడు చెట్ల దగ్గరకు తిరిగి వద్దాము. ఫ్లాబెల్లుమ్ అంటే విసనకర్ర. తాటి కమ్మతో విసనకర్ర చేసుకొనే మనకు ‘విసనకర్రలను మోసేది’ అనే పేరు ఎంత తగినదో వేరే చెప్పనక్కరలేదు. ఒలియుమ్ అంటే నూనె. మునగ గింజలో నూనె ఉన్నది. న్యూసి అంటే గట్టి పెంకుగల కాయ. వీనుమ్ అంటే ద్రాక్షసారాయము. ఇక మామిడి పేరు మరీ విచిత్రము. దాని తల ‘మాంగా’ అనే దక్షిణభారత పదము. పోర్చుగీసువారి ద్వారా ఐరోపాకు చేరినది. తోక మాత్రము లాటిను. స్వీడను దేశీయుడైన లిన్నేయస్ 1753లో ప్రకటించిన గ్రంథములో ఈ పేరు నిలిచిపోయినది.

సంస్కృతముతో చుట్టరికము

లాటిను ‘ఫెరో’ మనకు పూర్తిగా పరాయిది కాదు. సంస్కృతములో ‘భరామి’ అన్నా అదే అర్థము. భారము, భరించుట, భర్త, పర్వతమునకు పేరైన భూభృత్తు - ఇవన్నీ ‘భృ’ ధాతువు నుండి వచ్చినవే. సంస్కృతములో ‘భ’ ఉన్నచోట లాటినులో మాట మొదట ‘ఫ’ వస్తుంది; ఇంగ్లీషులో ‘బ’ వస్తుంది. భ్రాత, ఫ్రాతెర్, బ్రదర్ అనే మూడింటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఈ నియమము తెలుస్తుంది. ఇంగ్లీషులో మోయుటకు వాడే ‘బేర్’ అనే క్రియ కూడ ఈ కుటుంబములోనిదే. ఇటువంటి పోలికలను చూచియే సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తాలో, ఈ భాషలన్నీ ఒకే మూలము నుండి వచ్చి ఉండవలెనని ప్రతిపాదించినాడు.

తెలుగు ఆ కుటుంబములోనిది కాదు. దక్షిణభారత భాషలు వేరొక కుటుంబమని 1816లో ఎల్లిస్ దొర నిరూపించినాడు. కనుకనే మనకు ‘భరించు’ సంస్కృతము నుండి వచ్చినది. ‘మోయు’, ‘కాయు’ మన సొంతము. లాటిను వాడు ఒక్క ‘ఫెరో’తో చెప్పిన దానిని మనము రెండుగా చెప్తాము: మనిషి బరువు మోస్తాడు, చెట్టు కాయలు కాస్తుంది. అనువదించేటప్పుడు ఈ తేడాను ఉపాధ్యాయులు గుర్తుంచుకోవలెను. అన్నిచోట్లా ‘మోసే’ అంటే తెలుగు కుంటుతుంది; చాలచోట్ల ‘గల’ అంటే చాలును.

పాఠ్యపుస్తకములలో

క్యాబేజీ, ముల్లంగి, ఆవ మొక్కలను క్రూసిఫెరస్ మొక్కలంటారు. క్రూసి అంటే శిలువ. వీటి పువ్వులోని నాలుగు రేకులు శిలువ ఆకారములో ఉంటాయి. కొత్తిమీర, క్యారెట్టు పూగుత్తి చిన్న గొడుగువలె విచ్చుకొంటుంది కనుక ఆ కుటుంబము అంబెల్లిఫెరస్. శంకువులవంటి కాయలుగల దేవదారు, పైను వృక్షములు కోనిఫెరస్. మర్రి ఆకు త్రుంచినప్పుడు కారే పాలు ప్రవహించే నాళములు లాటిసిఫెరస్ నాళములు.

భూగర్భశాస్త్రములో శిలాజములుగల పొరను ఫాసిలిఫెరస్ అంటారు. చేవెళ్ళ దాటి వికారాబాదు వైపు పోతే, ప్రాచీన లావా ప్రవాహముల వలన ఏర్పడిన నల్లరాతి ప్రాంతము వస్తుంది. అక్కడ నస్కల్ గ్రామము దగ్గర, రెండు లావా పొరల నడుమనున్న అవక్షేపములలో సుమారు 6.6 కోట్ల ఏండ్లనాటి చిన్న క్షీరదముల శిలాజములు దొరికినవి.

రెండు పొరపాట్లు

మొదటిది అక్షరదోషము. రసాయనశాస్త్రములో ‘ఫెర్రస్ సల్ఫేటు’ ఉన్నది. అదే మన అన్నభేది. ఈ ఫెర్రస్ లాటినులో ఇనుము అనే అర్థముగల ‘ఫెర్రుమ్’ నుండి వచ్చినది. ఇంగ్లీషు స్పెల్లింగులో ‘ఆర్’ రెండు ఉంటే ఇనుము. ఒకటే ఉంటే కలిగియుండుట. కార్బొనిఫెరస్‌లో ఇనుము లేదు!

రెండవది అర్థదోషము. కార్బొనిఫెరస్ అంటే ‘బొగ్గు గల’ అని. బ్రిటనులోని బొగ్గు పొరలను బట్టి 1822లో ఒక భూయుగమునకు ఈ పేరు పెట్టినారు. అంతమాత్రమున బొగ్గంతా ఆ యుగములోనిదే అనుకొనరాదు. మన సింగరేణి బొగ్గు దాని తరువాతిదైన పెర్మియన్ యుగమునకు చెందినది. పదము యొక్క వ్యుత్పత్తి దారి చూపుతుంది. గమ్యము చేరినదీ లేనిదీ శాస్త్రమే చెప్పవలెను.

నీటిని భరించే రాయి

చివరగా, ఈ ప్రాంతమునకు ప్రాణప్రదమైన ఒక పదము: ‘ఆక్విఫర్’. ఆక్వా అంటే నీరు. నీటిని భరించే భూగర్భపు పొర. హిందీ పరిభాషలో దీనిని ‘జలభృత’ అంటారు. ‘ఫెర్’ ఉన్నచోట సరిగ్గా దాని చుట్టమైన ‘భృ’ వచ్చి కూర్చున్నది.

మొయినాబాదు ఉస్మాన్‌సాగరుకు, హిమాయత్‌సాగరుకు నడుమ ఉన్నది. 1908 నాటి మూసీ వరద తరువాత కట్టిన ఆ జలాశయములు కంటికి కనిపిస్తాయి. నేల క్రింది జలాశయము కనిపించదు. ఇక్కడి గ్రానైటు గట్టిరాయి. చెక్కుచెదరని రాతిలో నీరు నిలువదు. పైన శిథిలమైన మొరములోను, లోపలి పగుళ్ళలోను మాత్రమే నిలుస్తుంది. వానలో కొంత భాగము ఇంకి ఆ సందులను నింపుతుంది. బోరుబావి ఆ నీటినే పైకి తోడుతుంది.

ఆక్విఫర్ అంటే నీటిని పుట్టించేది కాదు, భరించేది. తాను పొందిన దానినే అది తిరిగి ఇస్తుంది. ఇంకిన దానికంటె ఎక్కువ తోడితే నీటిమట్టము దిగజారుతుంది. బోరును ఎంత లోతుకు దింపినా గట్టిరాయి కొత్త నీటిని కనలేదు. ఈ సంగతి ఆ పదములోనే ఇమిడి ఉన్నది.

విద్యార్థులు తమ పుస్తకములలో ‘ఫెర్’ గల పదములను ఏరి, ప్రతిదానికి ముందున్న భాగమును విడదీసి, ‘ఏమి గలది?’ అని ప్రశ్నించి చూడవలెను. జవాబు దొరికిన ప్రతి పదము వల్లెవేయవలసిన జాబితాలో ఒకటి తగ్గినట్లే.