సాల్సా కచేరి: వినవలసిన తీరు

పరదేశపు పాట వినబడగానే రేడియో ముల్లు త్రిప్పివేయు అలవాటు మనలో చాలమందికి కలదు. ఆ భాష మనకు తెలియదు గదా అని సమాధానము చెప్పుకొందుము. ఆ సమాధానము పూర్తిగా నిజము కాదు. తెలుగు రాకున్నను త్యాగరాజ కృతిని తలయూపుచు వినువారు తమిళదేశమున వేలకొలది కలరు. వారికి తాళము తెలియును, రాగము తెలియును, పల్లవి పిమ్మట ఏమి రానున్నదో తెలియును. తెలియనిది మాటల అర్థమొక్కటే. సాల్సా సంగీతమును గూర్చి ఆపాటి పరిచయము శ్రోతలకు కలిగింపవలెనని మా కోరిక. అందులకు న్యూయార్కు నగరపు స్పానిష్ హార్లెం ఆర్కెస్ట్రా కచేరిని ఉదాహరణముగా గైకొందుము.

ఆ బృందమునకు పేరిచ్చిన పేట మన్‌హట్టన్ దీవిలో కలదు. ప్యూర్టోరికో ద్వీపవాసులకు 1917లో అమెరికా పౌరసత్వము లభించెను. రెండవ ప్రపంచ యుద్ధానంతరము వారు బ్రతుకుతెరువునకై పెద్దసంఖ్యలో న్యూయార్కు చేరిరి. వారి వాడకములో ఆ చోటు ‘ఎల్ బారియో’, అనగా ‘మా పేట’ వంటి మాట. క్యూబా తూర్పు ప్రాంతమున పుట్టిన ‘సోన్’ అను పాటలో స్పెయిన్ వారి తంత్రీనాదమును, బానిసలుగా తేబడిన ఆఫ్రికావారి మద్దెల దెబ్బయు కలిసియుండెను. న్యూయార్కులో దానికి జాజ్ బాకాల గట్టితనము తోడయ్యెను. 1950 ప్రాంతమున పల్లాడియం నృత్యశాలలో మచీటో, టిటో పుయెంటె, టిటో రోద్రిగెజ్‌ల బృందములు ఒకదానితో నొకటి పోటీపడి వాయించెను.

1964లో జానీ పచేకో అను సంగీతజ్ఞుడును, జెర్రీ మసూచీ అను న్యాయవాదియు ఫానియా రికార్డు కంపెనీని స్థాపించిరి. 1971 ఆగష్టు 26న చీటా అను నృత్యశాలలో ఆ కంపెనీ కళాకారులు కలిసి చేసిన కచేరి చలనచిత్రముగా కూడ వెలువడెను. ‘సాల్సా’ అను పేరు ఆ దశాబ్దముననే వ్యాప్తిలోనికి వచ్చెను. స్పానిష్ భాషలో ఆ మాటకు వంటకముపై పోసికొను పులుసు అని అర్థము. టిటో పుయెంటెకు మాత్రము ఈ పేరు రుచింపలేదు.

1980 తరువాత గాలి మారెను. మెత్తని ప్రేమగీతములు రాజ్యమేలెను. గాయకుని ముఖము ముందునకు వచ్చెను. వాద్యబృందము వెనుకకు జరిగెను. బాకాలు, మద్దెలలు ఒకదానినొకటి కవ్వించుకొను ఘట్టములు కుదించుకుపోయెను. ఇట్టి స్థితిలో 2000లో ఆస్కార్ హెర్నాండెజ్ అను పియానో విద్వాంసుని నాయకత్వమున ఈ బృందము ఏర్పడెను. ఆయన బ్రాంక్సులో పెరిగినవాడు. రే బరెట్టో, రూబెన్ బ్లేడ్స్ వంటివారితో వాయించినవాడు. పాతపద్ధతిని పాతపద్ధతిగనే వాయింపవలెనన్నది వీరి పట్టుదల. 2002లో తొలి రికార్డు వెలువడెను. 2005, 2011, 2019 సంవత్సరములలో వీరికి గ్రామీ బహుమతులు లభించెను.

ఇక కచేరి. వేదికపై 13 మంది యుందురు: ముగ్గురు గాయకులు, రెండు ట్రంపెట్లు, రెండు ట్రాంబోన్లు, ఒక శాక్సోఫోను, పియానో, బాస్, మూడు విధముల తాళవాద్యములు. వీరందరిని ఒక్కత్రాట కట్టునది ‘క్లావె’ అను లెక్క. అదేమో శ్రోతలే చేసి చూడవచ్చును. 16 వరకు సమముగా లెక్కింపుడు. 1, 4, 7, 11, 13 అను అంకెలయొద్ద చప్పట్లు కొట్టుడు. మొదటిసగమున మూడు దెబ్బలు, రెండవసగమున రెండు. మొదటి మూడును లాగినట్లుండును. తరువాతి రెండును కుదుటపడినట్లుండును. ఈ లాగుట, కుదుటపడుట అనువానిలోనే సాల్సా ప్రాణమున్నది. చిత్రమేమన, కచేరిలో ఈ ఐదు దెబ్బలను ఎవరును పైకి వేయకపోవచ్చును. అయినను ప్రతివాని మనస్సులోను అవి నడచుచునే యుండును. ఏ బాకా వరుసయైనను ఈ లెక్కకు ఎదురు నడచెనా, తెలిసినవారు వెంటనే ముఖము చిట్లింతురు. మనయొద్ద తాళము తప్పిన పాటకు పట్టు గతియే దానికిని పట్టును.

పాటలో రెండు భాగములుండును. మొదట కథగా సాగు చరణములు. వానిలో గాయకుడు వ్రాసినది వ్రాసినట్లు పాడును. పిమ్మట ‘మొంటూనో’ ఆరంభమగును. ఈ మలుపును చెవితోనే పట్టుకొనవచ్చును. మోకాళ్ళ నడుమ చిన్న జంట బాంగోలను వాయించువాడు వానిని విడిచి, నాలుకలేని ఇనుపగంటను చేతబట్టి పుల్లతో కొట్టును. టింబాలెస్ వాయించువాడును తన గంటమీదికి మారును. సభ ఒక్కసారి వేడెక్కును. వంతగాండ్రు ఒకే పంక్తిని మరలమరల పాడుచుండగా, ప్రధానగాయకుడు ఆ సందులలో అప్పటికప్పుడు మాట కల్పించి పాడును. బుఱ్ఱకథ విన్నవారికిని, భజనగోష్ఠిలో కూర్చున్నవారికిని ఈ ఇచ్చిపుచ్చుకొనుట క్రొత్తది కాదు. అది ఎంతసేపు సాగునన్నది ముందుగా నిర్ణయమై యుండనక్కరలేదు. ఎదుటివారి ఉత్సాహము దానిని పొడిగించును.

ఇచ్చట రేడియోవారమగు మేము ఒక తప్పు ఒప్పుకొనవలెను. పూర్వపు గ్రామఫోను పళ్ళెము ఒకవైపున సుమారు మూడు నిమిషములే పాడెడిది. ఆ కొలతయే మాకును అలవాటై, గడియారము చూచి పాటను కత్తిరించుచు వచ్చితిమి. కత్తిరింపునకు తరచు బలియగునది ఈ మొంటూనో వంటి భాగమే; అనగా పాటలో జీవమున్న చోటు. పాతరికార్డులను ఎంత జాగ్రత్తగా దాచినను, గాయకుడు ఈ క్షణమున కల్పించు పంక్తిని వానిలో దాచుట సాధ్యము కాదు. అందుకొఱకు మనుష్యులు కావలెను. ఎదుట వినువారు కావలెను. ఆ 13 మంది నేటికిని ఒకేవేదికపై కూడి వాయించుటలోని ప్రయోజన మిదియే.

కావున ఇటుపిమ్మట ఇట్టి పాట వినవచ్చినపుడు, ముల్లు త్రిప్పకమునుపు ఐదు చప్పట్లు వేసి చూడవలెనని శ్రోతలకు మా మనవి.