అడవి సరిహద్దున అరచేతి యంత్రము

గోదావరికి ఎడమగట్టున భద్రాచలము. ఎగువన దుమ్ముగూడెము, చర్ల. వానికావల ఛత్తీస్‌గఢ్ అరణ్యము. 2014 లో రాష్ట్రము విభజింపబడినపుడు చింతూరు, కూనవరము మొదలగు మండలములు ఆంధ్రప్రదేశమున కలిసినవి. భద్రాచల పట్టణము తెలంగాణమున నిలిచినది. గీతలు మారినవి గాని రోగి నడచు దారి మారలేదు. మూడు రాష్ట్రముల అడవిపల్లెలవారును నేటికిని భద్రాచలపు సర్కారు ఆసుపత్రి గడపనే త్రొక్కుచున్నారు. బాటలేని గూడెములనుండి రోగిని డోలీలో మోసికొని వచ్చుట నేటికిని తప్పలేదు.

ఇట్టి ప్రాంతమున స్మార్టుఫోనును పట్టణవాసుల వినోదవస్తువుగా మాత్రమే ఎంచుట పొరపాటు. గుండెనొప్పితో ఒకడు ఆసుపత్రిలో చేరెననుకొందము. హృద్రోగ నిపుణుడు నూరు కిలోమీటర్లకు మించిన దూరమున ఖమ్మములో నుండవచ్చును. చెంతనున్న వైద్యుడు ఇ.సి.జి. కాగితమునకు ఛాయాచిత్రము తీసి పంపినచో, మందు ఇచ్చట ఈయవలెనా, వెంటనే తరలింపవలెనా యను నిర్ణయము కొద్ది నిమిషములలో తేలును. 2019 నవంబరులో కేంద్రప్రభుత్వము ఆరంభించిన ఈ-సంజీవనియు ఇట్టిదే. ఆరోగ్యకేంద్రమున రోగిచెంతనున్న సిబ్బంది రక్తపోటు, జ్వరము చూచి చెప్పుదురు. దూరముననున్న వైద్యుడు తెరపై రోగిని చూచి, ప్రశ్నించి, మందు వ్రాయును.

మేము ఈ సాధనమును స్వాగతించుచున్నాము. అయినను కొన్ని హెచ్చరికలు చేయక తప్పదు.

మొదటిది రోగి మర్యాద. 2020 మార్చి 25 న వెలువడిన దూరవైద్య నియమముల ప్రకారము, సంప్రదింపును రోగి కాక ఆరోగ్యసిబ్బంది ఆరంభించినపుడు రోగి స్పష్టముగా సమ్మతింపవలెను. కోయభాష మాత్రమే తెలిసిన స్త్రీకి ఆ సంగతి ఆమె భాషలో చెప్పనిదే అది సమ్మతి యెట్లగును? ఆమె గాయపు చిత్రము వాట్సాప్ గుంపులలో తిరుగుట వైద్యము కాదు, అపచారము.

రెండవది శుభ్రత. పడకనుండి పడకకు తిరుగు ఫోను సూక్ష్మక్రిములను మోయును. చేయి కడిగి మరల ఫోనును తాకినచో కడిగిన ఫలమేమి?

మూడవది వరద. 2022 జూలైలో గోదావరి భద్రాచలమువద్ద 71 అడుగులు దాటెను. మూడవ ప్రమాదహెచ్చరిక 53 అడుగులకే కలదు. దారులు మునిగినపుడే ఫోను అత్యవసరము. విద్యుత్తు పోవు భయమును అప్పుడే. కావున ఆరోగ్యకేంద్రములకు సౌరవిద్యుత్తు ముందుగా అమర్చవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనదొకటి కలదు. తెర రోగి కడుపును తడిమి చూడలేదు, కాన్పు చేయలేదు. తెర యున్నదను నెపమున వైద్యుల ఖాళీలను నింపకుండుటను మేము ఒప్పుకొనము.

ఇది గూడెములవారి గొడవయని పాఠకులు తలపరాదు. మిరపకోతల కాలమున మన చేలకు వచ్చు కూలీలలో ఛత్తీస్‌గఢ్ అడవులవారు అనేకులు. వారి రెక్కలు మనకు కావలెను. వారి జ్వరము మనకు అక్కరలేదా? ఫోనును ఈయుడు; దానివెంట వైద్యుని, బాటను కూడ ఈయుడు. పాలకులను ఇట్లు అడుగుట మనయందరి విధి.